ఆఖరి ఎపిసోడ్ తర్వాత: ఒక యువ రచయిత్రికి లేఖ

అమలాపురం

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ చేరింది. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక మరోసారి చదివాను. పదకొండేళ్లు ఒకే ఆటల కార్యక్రమాన్ని నడిపిన యాంకర్ ఆ పని మానేసి, హైదరాబాద్ నుంచి రావులపాలెం దగ్గరి పుట్టింటికి రావడం మంచి వస్తువు. మన వైపు సినిమావాళ్ల కబుర్లకు కొదవలేదు. పాలకొల్లులో ఏ అరుగు మీద కూర్చున్నా అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ అంటూ వరస అందుకుంటారు. టీవీలో పనిచేసి తిరిగొచ్చినవాళ్లను అలా తలుచుకునేవాళ్లు తక్కువ. అందుకే నీ కథ మీద నాకు ఆశ ఉంది. ఆశ ఉన్నచోట చేదుగా మాట్లాడటం నా అలవాటు, ఓర్చుకో.

మొదటి నాలుగు పేజీలు కొట్టెయ్యి. ఆఖరి రోజు షూటింగు, కేకు, మేకప్ చేసే ఆయన కళ్లనీళ్లు, ఒక్కొక్కటే ఆరిపోయే లైట్లు. నువ్వు చెప్పేలోపే చదివేవాళ్లు ఇవన్నీ ఊహించేస్తారు. పైగా ఈ రంగంలో పని అంత పద్ధతిగా ముగియడం అరుదు. చాలామందికి ఆఖరి రోజున అదే ఆఖరిదని తెలియదు. "తర్వాతి షెడ్యూలు ఫోన్ చేసి చెబుతాం మేడం" అంటారు. ఆ ఫోను రాదు. కొన్నాళ్లకు ప్రోమోలో ఇంకో అమ్మాయి అదే సెట్టులో నిలబడి, అదే పలకరింపుతో చేతులు జోడిస్తుంది.

కథకు అసలైన చోటును ఏడో పేజీలో ఒక్క వాక్యంలో రాసి దాటేశావు: "ఆమె ఎపిసోడ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి." అక్కడ ఆగాల్సింది. ఇలాంటి కార్యక్రమాలను ఏ రోజుకారోజు తీయరు. ఒకే రోజున మూడో నాలుగో చుట్టేస్తారు. ఒకటి పూర్తికాగానే యాంకర్ చీర, నగలు, జడ మార్చుకుని వచ్చి "నిన్న చూశారు కదా" అంటుంది. ఆ నిన్న గడిచి గంట కూడా అయి ఉండదు. అలా తీసినవన్నీ నిల్వ ఉంటాయి కాబట్టి, మనిషి పని మానేసినా తెర మీద మరికొన్ని వారాలు నవ్వుతూనే ఉంటుంది. అమెరికాలో 'జెపర్డీ' అనే ప్రశ్నల పోటీని 1984 నుంచి నడిపిన అలెక్స్ ట్రెబెక్ 2020 నవంబర్ 8న క్యాన్సర్‌తో చనిపోయారు. చివరిసారి రికార్డింగుకు వెళ్లింది అంతకు పది రోజుల ముందు. ఆయన తీసిపెట్టిన కొత్త ఎపిసోడ్లు 2021 జనవరి 8 దాకా ప్రసారమయ్యాయి. పోయిన మనిషి రెండు నెలలపాటు సాయంత్రం కాగానే వచ్చి ప్రశ్నలు అడిగి వెళ్లాడన్నమాట. నీ యాంకర్ బతికే ఉంది. టీవీ కట్టెయ్యని ఊళ్లో ఆ వారాలు ఆమెకు ఎలా గడిచాయి?

రావులపాలెం అరటి మార్కెట్టు పక్కన ఏదో టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టు ఆమెను. గోడ మీది టీవీలో తనే, కింద బల్ల దగ్గరా తనే. గెలలు దింపి వచ్చిన కూలీ ఒకసారి తెరను, ఒకసారి ఆమెను చూసి "మీరిక్కడుంటే అక్కడెవరండీ?" అంటాడు. ఆమె సిగ్గుపడుతుందా, మురిసిపోతుందా? నాకు తోచింది చెబుతాను. తెర మీద తను ఒక పోటీదారు మాటకు అడ్డుపడటం విని ముఖం చిట్లిస్తుంది. పనిచేసిన మనిషికి ముందు కనిపించేది తన పనే. ఆ చీర ఏ దుకాణం నుంచి వచ్చిందో, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి దాని మీద టీ చుక్క పడకుండా రోజంతా ఎలా నిలబడిందో గుర్తొస్తుంది. పెసరట్టు చల్లారిపోతుంది. నువ్వు నాలుగు పేజీల్లో ఏడిపించి సాధించలేనిది ఈ అరపేజీలో వస్తుంది.

ఇక డబ్బు. కథ మొత్తంలో ఆ మాట ఒక్కచోట లేదు. సార్వా, దాళ్వా పంటల లెక్కలు వింటూ పెరిగినదానివి, నీకిది ఎలా తప్పిపోయిందో! యాంకర్లలో చాలామందికి నెలజీతం ఉండదు. ఎపిసోడ్‌కు ఇంత అనో, రోజుకు ఇంత అనో మాట్లాడుకుంటారు. షూటింగు లేని నెల రాబడి లేని నెల. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదటిసారి చదివిన శాంతిస్వరూప్ 2011లో పదవీ విరమణ చేశారు. ప్రభుత్వ సంస్థలో పనిచేసేవాళ్లకు ఆ తేదీ ముందే తెలుస్తుంది, ఇంట్లోవాళ్లూ దానికి సిద్ధపడి ఉంటారు. నీ యాంకర్‌కు అలాంటి తేదీ లేదు. కూకట్‌పల్లి వైపు కొన్న ఫ్లాటుకు ఇంకా ఎన్ని వాయిదాలున్నాయి? పుట్టింటికి వచ్చింది మనశ్శాంతి కోసమని రాశావు. ఆ ఫ్లాటు అద్దెకిచ్చి వాయిదా కట్టుకోవడానికి వచ్చిందని రాయి. పాఠకుడు వెంటనే నమ్ముతాడు, ఆమె మీద గౌరవమూ పెరుగుతుంది.

ఒప్పందం సంగతీ చూడు. మానేశాక ఇన్ని నెలలు ఇంకో చానెల్లో కనిపించకూడదనే షరతు ఉండొచ్చు. అమెరికాలో రాత్రి హాస్య కార్యక్రమం నడుపుతూ 2010 జనవరిలో ఎన్‌బీసీ చానెల్‌తో తెగతెంపులు చేసుకున్న కోనన్ ఓబ్రయన్ ఒప్పందం ప్రకారం సెప్టెంబర్ దాకా టీవీ జోలికి వెళ్లకూడదు. ఆయన ఊరూరా తిరిగి వేదికల మీద ప్రదర్శనలిచ్చి, నవంబర్లో మరో చానెల్లో కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. ఆయనకు పరిహారం కోట్లలో ముట్టింది కాబట్టి ఊళ్లు తిరగడం సరదాగానే ఉండి ఉంటుంది. ఇక్కడ అదే పని ఓణీల ఫంక్షన్లు, కళాశాల వార్షికోత్సవాలు, నగల దుకాణాల ప్రారంభోత్సవాలు అవుతుంది. వాటిని నీ కథలో పతనంగా చూపించావు. "టీవీలో వెలిగిన మనిషి పెళ్లిళ్లలో మైకు పట్టింది" అన్న వాక్యం చదివి నాకు కోపం వచ్చింది.

ఎందుకంటే అలాంటి పని నేను దగ్గర నుంచి చూశాను. కొత్తపేట దగ్గర ఒక కల్యాణ మండపంలో పెళ్లి. మైకు పట్టుకున్నావిడ ఒకప్పుడు టీవీలో చేసిన మనిషే. మగపెళ్లివారు దారిలో చిక్కుకుపోయారు, జనం గడియారాలు చూసుకుంటున్నారు. "మరికొద్ది క్షణాల్లో" అనే మాట ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, "మామ్మగారూ, మీ పెళ్లివారు దేని మీద వచ్చారండీ?" అని అడిగింది. పడవ మీదట. లాకుల దగ్గర పడవ ఆగిపోతే పెళ్లికొడుకు గట్టు మీద నడిచి వచ్చాడట. మండపం మండపమంతా వింటోంది. మైకు మాత్రం ఆవిడ ముసలమ్మ చేతికి ఇవ్వలేదు, తన చేతిలోనే ఉంచుకుని ఆమె వైపు వంచింది. కథ కాస్తా అప్పటి కట్నం తగువులోకి మళ్లబోతుండగా మైకును మెల్లగా వెనక్కి తీసుకుని, పక్కనున్న మనవరాలిని "నువ్వైతే నడిచి రానిస్తావా, కారు పంపమంటావా?" అని అడిగేసింది. జనం నవ్వారు. ముసలమ్మకు తన మాట ఎక్కడ తెగిందో కూడా తెలియలేదు.

ఆ తర్వాత పెద్దలను వేదిక మీదికి పిలవాలి. పెళ్లికూతురి తండ్రి పేర్ల చీటీ ఇచ్చాడు. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అని ఆవిడ ఆయన్ను పక్కకు తీసుకెళ్లి మళ్లీ మళ్లీ అడిగింది. మన దగ్గర పేరు వెనకబడితే ఏళ్ల తరబడి మాటలుండవని నీకు చెప్పాలా? ఆయన తేల్చలేకపోయాడు. "వయసులో పెద్దవారి నుంచి పిలుస్తున్నాం" అని మైకులో ముందే చెప్పేసి పని కానిచ్చింది. రాజకీయం తెలిసినవాళ్లకు కూడా చప్పున తట్టని ఉపాయం. నీ యాంకర్‌కు పదకొండేళ్లలో అబ్బిన విద్య ఇదే. దీన్ని చిన్నబుచ్చకు.

చానెల్‌కు మిగిలేదేమిటి, మనిషి వెంట వచ్చేదేమిటి అన్నది ఒకసారి కాగితం మీద వేసుకో. సెట్టు, పేరు, పాట, సమయం చానెల్‌వి. అమెరికా యాంకర్ ఓప్రా విన్‌ఫ్రీ లాంటివారి సంగతి వేరు. 1986 నుంచి 2011 దాకా సాగిన ఆమె కార్యక్రమాన్ని తయారుచేసిన హార్పో సంస్థ ఆమెదే, ఆపేసిన ఏడాదే ఆమె పేరిట చానెల్ కూడా వచ్చింది. మన అనసూయ 2022లో జబర్దస్త్ వదిలేనాటికే సినిమాల్లో నిలదొక్కుకున్నారు, 'రంగస్థలం'లో రంగమ్మత్తగా జనానికి గుర్తుండిపోయి అప్పటికి నాలుగేళ్లు. నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ తబస్సుమ్. 1972 నుంచి 1993 దాకా దూరదర్శన్‌లో సినిమా తారలను మాట్లాడించిన ఆవిడ, వయసు మళ్లాక ఆ జ్ఞాపకాలనే యూట్యూబ్‌లో చెప్పుకొచ్చారు. తను కలిసిన మనుషులు ఆవిడ ఆస్తి. నీ యాంకర్ ఎదుట పదకొండేళ్లలో ఎంతమంది గృహిణులు నిలబడి ఉంటారు! వాళ్లలో ఒక్కరూ కథలో లేరు. కనీసం ఒకామెను, లంక గ్రామం నుంచి ఆటకు వెళ్లి గ్రైండర్ గెలుచుకున్నామెను, పట్టుకురా. ఆ గ్రైండర్ ఇంకా తిరుగుతోందో లేదో యాంకర్ చూస్తుంది.

ఆమెను ఇంట్లో పెట్టినప్పుడు అద్దం ముందు ఏడిపించకు. అమెరికాలో జానీ కార్సన్ 1962 నుంచి 1992 దాకా రాత్రి హాస్య కార్యక్రమం నడిపి, తర్వాత 2005లో చనిపోయేదాకా జనం ముందుకు దాదాపు రాలేదు. అయినా పొద్దున్నే పేపరు చూస్తే జోకులు పుట్టుకొచ్చేవి. వాటిలో కొన్నిటిని అలాంటి కార్యక్రమమే నడిపే డేవిడ్ లెటర్‌మన్‌కు పంపితే ఆయన తన కార్యక్రమంలో చెప్పేవారు. అలవాటు అంత తేలికగా వదలదు. వదినతో మాట పెరిగినప్పుడు నీ యాంకర్ సరిగ్గా ప్రకటనల విరామం రావాల్సినచోట విషయం మార్చేస్తుంది. వదినకు ఒళ్లు మండుతుంది. ఇలాంటివి రాయి.

పరిసరాల విషయంలో ఒక్క మాట. కొబ్బరిచెట్లు, గోదారి మీద సూర్యాస్తమయం, ఆత్రేయపురం పూతరేకులు మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. పర్యాటక శాఖ వాళ్లు చూసుకుంటారు, నీకెందుకు? ఏ నెలో చెప్పు, కాలువలో నీళ్లున్నాయో కట్టేశారో చెప్పు. కనుమనాడు ఆమెను జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లు. గంగలకుర్రు వాళ్లు దేవుడి ప్రభను, ఆ ఎత్తైన అలంకారపు కట్టడాన్ని, భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువ దాటిస్తుంటే అంతమందిలో ఒక్కరూ ఆమె వైపు చూడరు. తనను ఎవరూ చూడని గుంపులో ఆమె ఎన్నేళ్ల తర్వాత నిలబడిందో! నీరెండలో చెప్పులు చేతపట్టుకుని బురదలో నిలబడి, అందరితోపాటు అరుస్తుందేమో. నీ ఇష్టం.

చివరి పేజీలో చానెల్ నుంచి ఫోను వస్తే ఆమె "నాకు నా ఊరు చాలు" అని పెట్టేస్తుంది. చప్పట్లు కొట్టించుకునే వాక్యమది, నాకు నమ్మకం కుదరలేదు. అమెరికాలో వార్తల మీద వ్యంగ్యంగా సాగే 'ది డైలీ షో'ను 2015లో వదిలిన యాంకర్ జాన్ స్టూవర్ట్ 2024లో మళ్లీ వచ్చారు, అదీ సోమవారాలకే. తిరిగి వెళ్లడంలో ఓటమీ లేదు, వెళ్లకపోవడంలో గొప్పా లేదు. ఫోను రానివ్వు. "రోజుకు ఎన్ని ఎపిసోడ్లు? ఎపిసోడ్‌కు ఎంత? చీరలు ఎవరివి?" అని ఆమె చేత అడిగించు. అవతలివాళ్లు కనుక్కుని చెబుతామంటారు. అంతవరకు చాలు.

కథలో అసలు చానెల్ పేరు వాడావు, తీసెయ్యి. తిరగరాసింది ఉగాదిలోపు పంపు. పేజీలకు అంకెలు వెయ్యి, ఈసారి ఆరో పేజీ రెండు ప్రతులు వచ్చాయి, తొమ్మిదోది రానేలేదు. అమ్మను అడిగానని చెప్పు.

మీ మాస్టారు