మల్లె మొగ్గ విచ్చకముందే రాలుతోందా?

ప్రశ్న: డాబా మీద కుండీలో గుండుమల్లె వేశాం. చైత్రం వచ్చేసింది, ఆకు గుబురుగా ఉంది గానీ మొగ్గలు తక్కువ. వచ్చినవీ ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండమ్మా. పక్కన సన్నని బెజ్జం, లోపల రెట్ట, నల్ల తలతో పచ్చటి చిన్న పురుగు కనిపిస్తే అది మొగ్గ తొలిచే పురుగే. పాడైన మొగ్గల్ని రోజూ ఏరి సబ్బునీళ్లలో వేయండి. రాలినవాటిని కుండీలోనే వదిలేస్తే పురుగు వాటిలోనే పెరిగి తిరిగి మొక్క మీదికొస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీళ్లలో కలిసేలా కొంచెం కుంకుడు రసం వేసి, వారానికోసారి పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

పూత తగ్గడానికి కారణం వేరు. పిట్టగోడ నీడలో ఉన్నా, యూరియా ఎక్కువైనా ఆకే పెరుగుతుంది. యూరియా ఆపేసి, కనీసం 5 గంటలు ఎండ తగిలే చోటికి కుండీ జరపండి. మల్లె కొత్త చిగురు కొసనే పూస్తుంది. అందుకే పూసిన కొమ్మల కొసలు రెండు కణుపులు తుంచి, గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి. గట్టి కత్తిరింపు మాత్రం ఇప్పుడొద్దు, అది డిసెంబరు, జనవరి పని.