అటెనొలాల్ వాడితే షుగరు వస్తుందంటున్నారు, మానేయవచ్చా?

ముందుగా ఒక మాట: ఇప్పుడే ఆపకండి. కారణం చివర్లో చెబుతాను.

అటెనొలాల్, క్లోర్‌థాలిడోన్ అనే రెండు బీపీ మందులు కలిసిన మాత్ర నేను ఐదేళ్లు వాడాను. బీపీ 130/80 దాటేది కాదు కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. ఒక తెల్లవారుజామున కాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడింది. పరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ 9.1, అంటే గౌట్ అనే కీళ్ల జబ్బు. అదే కాగితంలో మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) 6.3. మాత్రలు మొదలుపెట్టినప్పుడు అది 5.6.

తప్పంతా మాత్రదే అనను. మా నాన్నగారికి షుగరు ఉంది, నా పొట్ట సంగతి నా బెల్టుకు తెలుసు. అయితే క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం ఎక్కువ పోయించే మందులు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి, పొటాషియంను తగ్గిస్తాయి, షుగరును కాస్త పైకి నెడతాయి. అటెనొలాల్ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును, కొద్దిగా బరువును పెంచుతుంది. 2002లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో, గుండె కండరం మందమైన 9,193 మంది బీపీ రోగులలో సగం మందికి అటెనొలాల్, సగం మందికి లోసార్టాన్ అనే మరో బీపీ మందు ఇచ్చారు. బీపీ రెండు వైపులా దాదాపు ఒకేలా తగ్గింది. అయినా లోసార్టాన్ వాడినవారిలో పక్షవాతం, కొత్తగా షుగరు రావడం, రెండూ సుమారు 25 శాతం తక్కువ.

అలాగని షుగరు అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనం ఆల్‌హ్యాట్‌లో క్లోర్‌థాలిడోన్ వాడినవారికి కొత్తగా షుగరు ఎక్కువగానే వచ్చింది. గుండెపోట్లు మాత్రం పెరగలేదు. పైగా గుండె బలహీనపడి ఆయాసం వచ్చే జబ్బు ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు వాడినవారికంటే వీరిలోనే తక్కువ.

నాకు లోసార్టాన్ జాతిదే అయిన టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్‌లకు మార్చారు. ఈ రెండింటికీ షుగరుతో పేచీ లేదు, వేరే పేచీలున్నాయి. ఆమ్లోడిపిన్ 10 వేసుకున్నన్నాళ్లూ సాయంత్రానికి చీలమండల దగ్గర మేజోళ్ల అచ్చు లోతుగా దిగేది. 5కు తగ్గించాక పోయింది. టెల్మిసార్టాన్ పొటాషియంను పెంచగలదు. ఆ సంగతి తెలియక, బీపీకి మంచిదని సోడియం తక్కువ ఉన్న ఉప్పు కొన్నాను. అందులో సగానికి సగం పొటాషియం క్లోరైడేనట, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది! రెండు వారాలకు పొటాషియం 5.6, ఉండాల్సినదానికంటే ఎక్కువ. డాక్టరు ఉప్పు డబ్బా తెప్పించుకుని చూసి నవ్వలేదు.

ఇక ఆపవద్దన్న కారణం. మా బావగారికి గుండెపోటు వచ్చాక మెటోప్రొలాల్ రాశారు. అదీ అటెనొలాల్ జాతిదే. నా కథ విని ఆయన ఎవరికీ చెప్పకుండా మానేశారు. మూడో రోజుకు నాడి 110, ఛాతీలో పట్టేసినట్టు నొప్పి, ఆసుపత్రి. ఆ రకం మందును ఒక్కసారిగా ఆపితే గుండె అలా తిరగబడుతుంది. అక్కయ్య నాతో నెల రోజులు మాట్లాడలేదు.

కాబట్టి మీకు అటెనొలాల్ ఒక్క బీపీకే ఇచ్చారా, గుండెదడకో ఛాతీనొప్పికో కూడా ఇచ్చారా అని అడగండి. ఒక్క బీపీకే అయితే మార్పు గురించి మాట్లాడవచ్చు, అదీ మోతాదు మెల్లగా తగ్గిస్తూనే. వెళ్లేటప్పుడు వారం రోజుల బీపీ అంకెలు, షుగరు, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కాగితాలు పట్టుకెళ్లండి. వంటింట్లో ఉప్పు ప్యాకెట్ కూడా ఒకసారి తిరగేసి చూడండి.