ముందు మీవారు నోరు విప్పాలి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర ముంచుకొస్తుంది. గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడిపోతాను. పరీక్షలు చేసి నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు అన్నారు. కొత్త ఉద్యోగం వచ్చింది. మేనేజర్‌కి ఎప్పుడు చెప్పాలి? ఇంట్లో మావారికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తగారు అడిగితే ‘రాత్రి సినిమా చూసి లేటుగా పడుకుంది’ అంటారాయన. ఈమధ్య నలుగురిలో నవ్వడం మానేశాను.

జవాబు: ఆర్డరు చేతికొచ్చాక చెప్పండి. మధ్యాహ్నం 15, 20 నిమిషాలు కునుకు తీసే వీలు అడగండి. డ్రైవింగో, యంత్రాల దగ్గర పనో అయితే మాత్రం ఒప్పుకోకముందే చెప్పాలి. మేనేజర్ సంగతి ఇంతే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ సినిమా మాట. మెదడులో మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనం తగ్గిపోవడం వల్ల, మీలా నవ్వితే కూలబడే రకం నార్కోలెప్సీ వస్తుంది. రాత్రంతా నిద్ర పరీక్ష, మర్నాడు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి చూడటం... ఇదంతా తెలిసిన మీవారే తన తల్లి ముందు అబద్ధమాడుతున్నారు. మిమ్మల్ని కాపాడుతున్నానని ఆయన అనుకుంటున్నారేమో. కాపాడటం లేదు, బద్ధకస్తురాలన్న పేరు తెచ్చిపెడుతున్నారు. జబ్బున్న కోడలంటే ఆ పెద్దావిడకి జాలైనా కలుగుతుంది. రాత్రంతా సినిమాలు చూసి పగలు పడుకునే కోడలంటే ఏం కలుగుతుంది?

ఆ మాట మోస్తూ మీరు నవ్వు కూడా మానేశారు. అంత అవసరం లేదమ్మా. కూలబడటం తగ్గడానికి మందులున్నాయి, నవ్వడానికే భయపడుతున్నానని డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ఇంట్లో మీరొక్కరే చెబితే సాకు అంటారు. కొడుకు చెప్పాలి, మీరు పక్కన ఉండాలి. ఇది పూర్తిగా పోయేది కాదని, మందులతో, వేళకు కునుకుతో చాలావరకు అదుపులో ఉంటుందని చెప్పమనండి. మీరు కూలబడినా స్పృహలోనే ఉంటారని, అది ఫిట్స్ కాదని, దెబ్బ తగలకుండా పట్టుకుంటే కాసేపట్లో అదే సర్దుకుంటుందని కూడా ఆయన నోటితోనే చెప్పాలి.

రేపు, ఎల్లుండి అని ఆయన దాటవేస్తుంటే ఊరుకోకండి. ఈసారి సినిమా మాట ఎత్తగానే ఆయన ఎదుటే, ‘కాదత్తయ్యా, నాకు జబ్బుంది, మీ అబ్బాయికి తెలుసు’ అనండి. అప్పుడు అవునో కాదో ఆయన చెప్పక తప్పదు.