గుడారం దగ్గర కేకు, రొట్టె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆరుబయట గ్యాస్ పొయ్యి మీద, డచ్ ఓవెన్ అనే దళసరి పోత ఇనుప పాత్రలో బేకింగ్ చేసుకోవడం గురించి దక్షిణ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వచ్చే నెల వైజాగ్ కాలనీ దగ్గర నాగార్జునసాగర్ నీటి ఒడ్డున గుడారాలు వేసుకొని కుటుంబమంతా ఒక రాత్రి ఉండాలనుకుంటున్నాం. మా దగ్గర 5 కిలోల సిలిండరు, దాని నెత్తిన నేరుగా బిగించే బర్నరు ఉన్నాయి. కొత్తగా 10 అంగుళాల డచ్ ఓవెన్ కొన్నాం. ఇంట్లో దాంతో కేకు చేసి చూస్తే అడుగు నల్లగా మాడింది, పైన మాత్రం పిండి పచ్చిగానే ఉంది. మంట ఎంత తగ్గించినా అంతే. ఎక్కడ తప్పుతోంది? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వేడి ఒక్క వైపు నుంచే తగలడం వల్ల ఇలా జరుగుతోందమ్మా. పాత్రలోనూ, మీరు కలిపిన పిండిలోనూ లోపం లేదు. బేకింగ్ కావాలంటే పిండికి కింద నుంచీ, పక్కల నుంచీ, పై నుంచీ వేడి అందాలి. గ్యాస్ మంట పాత్ర అడుగున అరచేతి మేర మాత్రమే తగులుతుంది. దానికితోడు పోత ఇనుము వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుందే కానీ త్వరగా పాకనివ్వదు. అల్యూమినియంతో పోలిస్తే అందులో వేడి పాకే వేగం సుమారు నాలుగో వంతే. అందుకే మంటకు నేరుగా పైన ఉన్న చోట పిండి మాడిపోతుంటే, మూత మాత్రం గోరువెచ్చగానే ఉండిపోతుంది.

పెళ్లిళ్లలో బిర్యానీ దమ్ చేసేటప్పుడు వంటవాళ్లు డేగిసా మూత మీద నిప్పులు పరచడం మీరు చూసే ఉంటారు. డచ్ ఓవెన్ పని చేసే తీరు కూడా అదే. దాని మూతకు చుట్టూ పైకి లేచిన అంచు ఉంటుంది. నిప్పులు జారి పడకుండా ఉండటానికే ఆ అంచు. మీ పాత్ర మూతకు అది ఉందో లేదో ముందు చూసుకోండి. అంచు లేకుండా నున్నగా, గుమ్మటంలా ఉంటే అది ఇంటి ఓవెన్లో పెట్టుకునే రకం, నిప్పులకు పనికిరాదు.

ఇక చేసే పద్ధతి. పొయ్యి మీద ముందు ఒక పాత మందపాటి ఇనుప పెనం పెట్టి, దాని మీద డచ్ ఓవెన్ పెట్టండి. మంట ఒక్కచోటే కాకుండా అడుగంతా పరచుకుంటుంది. పాత్ర లోపల చిన్న ఇనుప కుదురు వేసి, కేకు గిన్నెను దాని మీద ఉంచండి. గిన్నె అడుగు వేడి ఇనుముకు తగలకూడదు. కింద మంట వీలైనంత చిన్నదిగా ఉండాలి. మూత మీద నిమ్మకాయంత బొగ్గులు 13 దాకా, పైన తెల్లటి బూడిద పొర పట్టేదాకా రాజేసినవి, అంచు వెంబడి ఎక్కువగా, నడుమ తక్కువగా పేర్చండి. డచ్ ఓవెన్ వాడేవాళ్లు పాటించే లెక్క ఒకటి ఉంది: 175 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలంటే పాత్ర వెడల్పు ఎన్ని అంగుళాలో అంతకు 3 ఎక్కువ బొగ్గులు మూత మీద, 3 తక్కువ పాత్ర కింద పెడతారు. మీకు కింద గ్యాస్ ఉంది కాబట్టి మూత మీది లెక్క ఒక్కటి చాలు. ఈ లెక్క ఒకే కొలతలో అచ్చుపోసిన బొగ్గు బిళ్లలకు కట్టినది. మన దగ్గర దొరికే సర్కారు తుమ్మ బొగ్గు ముక్కలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, త్వరగా కాలిపోతాయి. కాబట్టి పక్కన మరికొన్ని రాజేసి సిద్ధంగా ఉంచుకోండి.

పావు కిలో మైదాతో చేసిన కేకుకు 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట మూత తీయకండి. నీటి ఒడ్డున గాలి ఒక వైపు నుంచే కొడుతుంది, అటువైపు బొగ్గులు ఎక్కువగా రాజుకుంటాయి. పది నిమిషాలకొకసారి మూతను తీయకుండానే పావు చుట్టు తిప్పితే కేకు ఒకే పక్క మాడదు. మూత తీసేటప్పుడు పట్టకారుతో తిన్నగా పైకి ఎత్తి, ఏమాత్రం వంచకుండా పక్కకు తీసుకెళ్లాలి. కాస్త ఒరిగినా బూడిదంతా కేకు మీద పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ బర్నరు సంగతి. ఖాళీగానే ఆరు కిలోల పైన తూగే పాత్రను, దాని మూత మీద నిప్పులతో సహా, సిలిండరు నెత్తిన పెట్టకండి. అది ఒరిగితే నిప్పులు గ్యాస్ బండ మీదే పడతాయి. విడిగా నేల మీద కూర్చునే తక్కువ ఎత్తు పొయ్యి, రెగ్యులేటరు, ఐఎస్ఐ ముద్ర ఉన్న పైపు తీసుకొని, సిలిండరును పొయ్యికి పైపు అందినంత దూరంలో నిలబెట్టండి. బిగించాక కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు లేస్తే వెలిగించవద్దు. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక లీకైతే పల్లంలో, గుడారం అడుగున పేరుకుంటుంది. రాత్రి చలిగా ఉందని పొయ్యినైనా, మిగిలిన నిప్పులనైనా గుడారంలోకి తీసుకెళ్లవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: సూట్‌కేసులా మడిచే క్యాసెట్ పొయ్యి, పక్కన చిన్న గ్యాస్ డబ్బా పెట్టేది, నా దగ్గర ఉంది. దాని మీద మూడు కాళ్ల డచ్ ఓవెన్ పెట్టవచ్చా? లేదంటే కుక్కరుతో సరిపెట్టుకోవచ్చా? – ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: పెట్టవద్దు. మూడు కాళ్లు నేల మీద పరచిన బొగ్గుల కోసం; పొయ్యి మీద అవి నిలకడగా ఆనవు. పైగా వెడల్పాటి పాత్ర గ్యాస్ డబ్బా మీదికి వచ్చేస్తే ఇనుము నుంచి వెలువడే వేడికి డబ్బా కాగి పేలే ప్రమాదం ఉంది. క్యాసెట్ పొయ్యి మీద చిన్న కుక్కరే మేలు. రబ్బరు గాస్కెట్టు, విజిలు రెండూ తీసేసి, అడుగున వేలెడు మందాన పొడి ఇసుక గానీ రాళ్ల ఉప్పు గానీ పోసి, దాని మీద కుదురు, కుదురు మీద గిన్నె పెట్టండి. కేకు బాగానే ఉడుకుతుంది, పైన మాత్రం ఎర్రబడదు.

ప్రశ్న: జొన్న పిండితో డచ్ ఓవెన్‌లో బ్రెడ్ పొంగుతుందా? మా పొలం దగ్గర చేద్దామని ఉంది. – ఒక రైతు, గద్వాల

జవాబు: ఒట్టి జొన్న పిండితో పొంగదండీ. ఈస్టు పుట్టించే గాలిని పట్టి ఉంచేది గోధుమలో ఉండే గ్లూటెన్. జొన్నలో అది లేదు. మొత్తం పిండిలో నాలుగో వంతు దాకా జొన్న పిండి కలిపితే రుచి తెలుస్తుంది, రొట్టె కూడా లేస్తుంది. 375 గ్రాముల మైదా, 125 గ్రాముల జొన్న పిండి, 10 గ్రాముల ఉప్పు, ఒక చెంచా ఇన్‌స్టంట్ ఈస్టు, సుమారు 325 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. ఎండాకాలంలో మీ వైపు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది కనుక పిండి త్వరగా పొంగి పులిసిపోతుంది; రంజన్ (మట్టి కుండ) నీళ్లతో కలిపి, చెట్టు నీడన తడిగుడ్డ కప్పి ఉంచి, రెట్టింపు కాగానే ఉండ చేసి పాత్రలో వేయండి.

రొట్టెకు కేకు కంటే ఎక్కువ వేడి కావాలి, 220 డిగ్రీల దగ్గర. అందుకని పాత్రను ముందే బాగా కాగనివ్వండి. 10 అంగుళాల మూత మీద 18 బొగ్గుల దాకా పెట్టండి. ఉండ కింద జొన్న పిండి కాస్త చల్లితే అంటుకోదు. 40 నిమిషాల తరవాత తీసి, అడుగున వేలితో తడితే డొల్ల శబ్దం రావాలి. మొద్దుగా వినిపిస్తే ఇంకో ఐదారు నిమిషాలు ఉంచండి.

అయితే జొన్న మీద, బియ్యప్పిండి మీద ఇష్టం ఉన్నవాళ్లకు నేను ముందుగా చెప్పేది సర్వపిండి. పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు, కరివేపాకు వేసి కలిపిన బియ్యప్పిండిని నూనె రాసిన డచ్ ఓవెన్ అడుగున పలుచగా తట్టి, వేళ్లతో గుంటలు పెట్టి నూనె పోసి, కింద చిన్న మంట, మూత మీద పది నిప్పులు పెట్టండి. మామూలు గిన్నెలో అడుగు మాత్రమే కరకరలాడుతుంది. ఇందులో పైపొర కూడా ఎర్రగా వేగుతుంది. ఆ రుచి కోసమైనా ఈ బరువు మోయవచ్చు. వండిన వెంటనే కాగే పాత్రలో చన్నీళ్లు మాత్రం పోయకండి, పోత ఇనుము పగులుతుంది. చల్లారాక కడిగి, తడి ఆరబెట్టి, పలుచగా నూనె రాసి పెట్టుకోండి. పులుసు, టమాట కూర అందులో వండితే పులుపు ఆ నూనె పొరను తినేస్తుంది.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలను నల్లమల చూపించడానికి తీసుకెళ్తున్నాం. మన్ననూరు దాటాక అడవిలో ఆగి వాళ్ల చేత రొట్టె చేయించవచ్చా? గ్యాస్ పొయ్యే కదా వాడేది. – ఒక ఉపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: వద్దు మాస్టారూ. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అభయారణ్యంలో దానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని, నిప్పును ఆర్పకుండా వదిలేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షను నిషేధిస్తోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ ఆకులన్నీ రాలి నేలంతా ఎండుటాకుల పరుపు అవుతుంది. మూత మీద నుంచి జారిన ఒక్క కణిక చాలు. పొయ్యి గ్యాస్‌దే అయినా మూత మీద ఉండేది నిప్పే. బయలుదేరే ముందు రోజు బడి ఆవరణలోనే, గడ్డి చెక్కిన నేల మీద, రెండు బకెట్ల నీళ్లు పక్కన పెట్టుకొని చేయించండి. రొట్టె మర్నాటికి చక్కగా ఉంటుంది, అడవిలో పంచుకొని తినవచ్చు.

ప్రశ్న: సీతాఫలాల కాలంలో ఆ గుజ్జును కేకు పిండిలో కలిపితే చేదు వస్తోంది. పండ్లు తియ్యగానే ఉన్నాయి. కారణమేమిటి? – ఒక పాఠకురాలు, బాలానగర్

జవాబు: సీతాఫలం రకాల్లో పేరున్న దానికి మీ ఊరి పేరే ఉంది కాబట్టి పండును తప్పు పట్టలేం. ఆ గుజ్జును 65 డిగ్రీలకు మించి వేడి చేస్తే చేదెక్కుతుంది. కేకు లోపలి వేడి దాన్ని ఎలాగూ దాటిపోతుంది. కేకును ఉత్తగానే కాల్చుకొని, పూర్తిగా చల్లారాక, గింజలు చేత్తో ఏరేసిన గుజ్జును నీళ్లు వడకట్టిన గట్టి పెరుగులో కలిపి పైన రాసుకోండి. మిక్సీలో వేయకండి, గింజలు నలిగితే హానికరం. గుజ్జు త్వరగా నల్లబడుతుంది కనుక తినబోయే ముందు కలిపితేనే బాగుంటుంది.