వెళ్ళేటప్పుడు హైవే, వచ్చేటప్పుడు సముద్రం
(ప్రయాణాల ప్రశ్నలు – జవాబులు: విశాఖ తీరం)

ప్రశ్న: అరవై దాటిన అత్తమామలు, ఇద్దరు చిన్నపిల్లలతో సొంత కారులో విశాఖ వస్తున్నాం. బీచ్ రోడ్డుకు ఒక్క రోజే కుదురుతుంది. ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి రావాలని అనుకుంటున్నాం. ఎక్కడెక్కడ ఆగాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు దిశ మార్చండి. ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడిపక్కన ఉంటుంది, మనం నడిపేది ఎడమపక్కన. నచ్చిన చోటల్లా ఆగాలంటే ఎదురొచ్చే బండ్లను దాటాలి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలి. పైగా దారి ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి పొద్దుటి ఎండ ముందు అద్దంలోంచి కళ్ళలో కొడుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు హైవే పట్టుకోండి. హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం మీదుగా తగరపువలస చేరి, అక్కడ కుడికి తిరిగితే భీమిలి. ఆరింటికల్లా బయల్దేరితే టిఫిన్ వేళకు అక్కడుంటారు. అక్కణ్ణించి బీచ్ రోడ్డు మీద దాదాపు 30 కిలోమీటర్లూ సముద్రం మీ ఎడమ పక్కనే. ఎక్కడ ఆపినా దిగితే ఇసుకే.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివారి సమాధులు దగ్గర దగ్గరగానే ఉంటాయి. గంట చాలు. బొర్రా గుహల దగ్గర కొండల్లో కనిపించే గోస్తని ఇదేనని పిల్లలకు చెప్పండి. రేపో ఎల్లుండో అరకు వెళ్తే వాళ్ళే గుర్తుపడతారు.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. తొమ్మిది దాటకముందే చేరుకోండి. లోపలి గల్లీల్లో గాలి ఆడదు, ఎండెక్కితే ఉడికిపోతారు. మనిషికి లీటరు నీళ్ళు తప్పనిసరి. వేల ఏళ్ళ క్రితం గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక ఇది. రేణువుల మీద పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు. చిటికెడు తీసి నలిపితే వేళ్ళకు అంటుకుంటుంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కిన చోటు. దిబ్బల అంచుల మీద నిలబడి ఫొటోలు దిగకండి, పిల్లల్ని పైనుంచి జారనివ్వకండి. అంచు కింద వర్షపు నీళ్ళు కోసేసి డొల్లగా ఉంటుంది, ఎప్పుడు విరుగుతుందో పైనుంచి తెలియదు. ఒక్కసారి కూలిన గోడ మళ్ళీ లేవదు. వాన పడుతుంటే లోపలికి వెళ్ళనే వద్దు.

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది, పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు. 1988–93 మధ్య తవ్వకాల్లో బయటపడిన బౌద్ధ విహారం. భిక్షువుల గదుల పునాదులు, స్తూపాలు, వాననీళ్ళు పట్టేందుకు రాతిలో తొలిచిన తొట్లు చూడండి. నీడ తక్కువ, టోపీలు మరవొద్దు. కొండ కింద మంగమారిపేట తీరంలో సహజ శిలాతోరణం ఉంది. పోటు మీద ఉంటే దాని దగ్గరికి వెళ్ళడం కుదరదు. ముందురోజే ఆటుపోట్ల వేళలు చూసుకోండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్న ఎవరో చెప్పిన సమయం ఇవాళ పనికిరాదు.

మిట్టమధ్యాహ్నం ఋషికొండ దగ్గర భోజనం చేసి విశ్రాంతి తీసుకోండి. నాలుగింటికి కైలాసగిరి, చీకటి పడే వేళకు ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. సోమవారం మూసేస్తారు, రోజు ఎంచుకునేటప్పుడే చూసుకోండి. లోపల గుండ్రటి ద్వారాల్లో వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం ఆవరణలో కూర్చుంటే సరిపోతుంది.

ప్రశ్న: యారాడలోనూ ఆర్.కె. బీచ్‌లోనూ పిల్లలు స్నానం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండుచోట్లా వద్దు. పాదాలు తడుపుకోవడం వరకే. ఒడ్డుకు వచ్చిన నీళ్ళు ఒకే పాయగా వెనక్కి లాగే చోట్లు ఉంటాయి. అటూ ఇటూ కెరటాలు విరుగుతుంటే మధ్యలో కొంత మేర మాత్రం ప్రశాంతంగా, బురద రంగులో కనిపిస్తుంది. ‘ఇక్కడ అలలు లేవు’ అని జనం దిగేది సరిగ్గా అక్కడే. లాక్కుపోతుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, శక్తి అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ పాయ దాటి బయటపడతారు.

ప్రశ్న: ఇసుకలోకి కారు దింపితే దిగబడిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: దింపకపోవడమే మంచిది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలోనే గుడ్లు పెడతాయి, టైరు కింద గూడు ఉన్నా మనకు కనబడదు. అయినా దిగబడితే, చక్రం ఉత్తినే తిరగడం మొదలవగానే యాక్సిలరేటర్ వదిలేయండి. తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుని కారు పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది, ఇక ట్రాక్టర్ పిలవాల్సిందే. అందరూ దిగండి. టైర్లలో గాలి 18 పాయింట్ల దాకా తగ్గించండి, టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. ఇంజిన్ తిప్పే చక్రాల వెనక ఇసుక చేత్తో తీసేసి ఫ్లోర్ మ్యాట్లు దోపండి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, వచ్చిన గాడిలోనే మెల్లగా రివర్స్ చేయండి. రోడ్డెక్కాక గాలి నింపేదాకా 30 దాటొద్దు. అదే రోజు అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు ఉండిపోతే తుప్పు పడుతుంది.

ప్రశ్న: అరకు నుంచి దిగుతుంటే బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చింది. కారు పాతది కావడం వల్లేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొత్త కారుకైనా వస్తుంది. అనంతగిరి ఘాట్ పొడవునా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది. ఫ్లూయిడ్ పాతబడి తేమ పీల్చుకుని ఉంటే మరిగి పెడల్ నేలకు తగులుతుంది. అది వాసన కంటే ప్రమాదం. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, చాలాచోట్ల రెండో మూడో. ఆటోమేటిక్ అయితే ‘ఎల్’ లేదా మాన్యువల్ మోడ్. న్యూట్రల్‌లో ఎప్పుడూ వద్దు. వాసన వస్తే మలుపు లేని చోట పక్కకు ఆపి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి అరగంట ఆగండి. వేడి డిస్కు మీద నీళ్ళు పోయకండి, వంకర పోతుంది. బయల్దేరేటప్పుడు ఆ రాయి రోడ్డు మీంచి తీసేయండి, రాత్రి పూట వచ్చే బైకుకు అదే ప్రాణం మీదికి తెస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి రెండేళ్ళు దాటితే మళ్ళీ కొండెక్కకముందే మార్పించండి.