ఆదివారం బట్టీ నడపొచ్చా?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మాది పలాస దగ్గర పల్లెటూరు, చిన్న జీడి బట్టీ ఉంది, ఆడోళ్లు పనికొస్తారు, కేజీల లెక్కన కూలి. ఆర్డర్లు ఎక్కువైతే ఆదివారం కూడా పని పెడతాను, నేనైతే ఫ్యామిలీతో చర్చికెళ్లిపోతాను. మా చుట్టాల్లో కొందరు శనివారం ఆచరిస్తారు, ఆదివారం రోమా చక్రవర్తి పెట్టిందంటున్నారు. ఏ రోజు కరెక్టు? బట్టీ మూసెయ్యాలా?
– ఒక సోదరుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వందనాలు బ్రదర్. పది ఆజ్ఞల్లో విశ్రాంతిదినం గురించిన ఆజ్ఞలో ఉన్నది ఏడో రోజే, అంటే శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం పొద్దుగూకేదాకా, అందులో మీ చుట్టాల మాట నిజమే. చక్రవర్తి పెట్టాడన్నది మాత్రం సరికాదు, కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవని చట్టం చేసింది క్రీ.శ. 321లో (అందులోనూ పొలం పనులకి మినహాయింపిచ్చాడు, మన ఉభాలప్పుడు లాగే అదును దాటితే పంట పోద్ది కదా), అంతకు చాలా ముందే త్రోయలో విశ్వాసులు ఆదివారం రొట్టె విరవడానికి కూడుకున్నారని అపొస్తలుల కార్యములు 20:7లో ఉంది, ప్రభువు తిరిగి లేచింది ఆ రోజే. రోమా 14లో పౌలు ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోమన్నాడు, కాబట్టి రోజు గురించి చుట్టాలతో తగువొద్దు.

నన్ను బాధపెట్టింది మీ బట్టీ సంగతి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి, నిర్గమకాండము 20లో దేవుడు ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి అని కారణం ఉంటే ఇక్కడ మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది మర్చిపోవద్దు అని ఉంటది, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఆఖరికి మీ ఊళ్లో ఉన్న పరదేశి కూడా, అందరూ మీలాగే విశ్రమించాలంట. వాళ్లు మన విశ్వాసులు కారు కదా అనడానికి లేదు. యజమాని పాటలు పాడుకుంటుంటే పనోళ్లు జీడి రసంతో చేతులు కాల్చుకోవడం విశ్రాంతిదినం ఆచరించడం కాదు బ్రదర్, నేనైతే గట్టిగానే చెప్తాను.

అలాగని ఊరికే తాళం వేసేస్తే కేజీల లెక్కన బతికేవాళ్లకి ఆ పూట కూలి పోద్ది, పస్తు పెట్టి విశ్రాంతి అనకూడదు. ముందు వాళ్లనే కూర్చోబెట్టి అడగండి, వారంలో ఏ రోజు సెలవైతే బాగుంటదో (సంత రోజు కావాలంటారేమో), ఆ రోజుకి సరాసరి కూలి కట్టి ఇవ్వండి, ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే ఆ రోజు తీసేసి డెలివరీ డేట్ చెప్పండి. ఇంకోటి, ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో వంటా గిన్నెలూ ఎవరు చేస్తున్నారో కూడా చూడండి.