పార్కులో ఆటస్థలం కావాలంటే ముందు టేపు పట్టుకెళ్లండి

మీ వీధి – మీ ప్రశ్న
(జవాబులు: విశాఖలో ఉంటున్న ఒక రిటైర్డ్ మునిసిపల్ ఇంజనీరు)

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారం. మాది సీతమ్మధార వైపు ఒక కాలనీ. మధ్యలో పార్కు ఉంది. వాకింగ్ ట్రాక్, బెంచీలు, ఓపెన్ జిమ్ అన్నీ ఉన్నాయి. వెనక మూల మాత్రం ముళ్లకంపతో ఖాళీగా పడి ఉంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, స్కూల్ ఖోఖో టీమ్‌లో ఆడుతుంది. ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేద్దామంటే చోటు లేదు. పోయిన నెల మగపిల్లలు ట్రాక్ పక్కన క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి ఒక పెద్దాయన కళ్లజోడు పగిలింది. అప్పటి నుంచి పిల్లల్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు. ఇరవై ముగ్గురం సంతకాలు చేసి ‘పార్కులో ప్లేగ్రౌండ్ కట్టించండి’ అని అర్జీ ఇచ్చాం. ‘నిధులు చూడాలమ్మా’ అన్నారు. ఆ నిధులు ఎవరి దగ్గర ఉంటాయి? ఎలా అడగాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు జతచేసిన అర్జీ జిరాక్స్ చదివాను. అందులో ఉన్నది ఒక్క వాక్యం, కింద ఇరవై మూడు సంతకాలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చినా నేనేమీ చేయలేకపోయేవాణ్ణి. ‘ప్లేగ్రౌండ్’ అనే మాటకి ధర కట్టలేం. పొడవు ఎంత, వెడల్పు ఎంత, ఏ ఆట, ఏ నేల, వాన నీళ్లు ఎటు పోవాలి అన్నది తెలిస్తేనే ఎస్టిమేట్ వేస్తాం. ఎస్టిమేట్ లేని పనికి బడ్జెట్‌లో చోటు దొరకదు. అందుకని ఈ ఆదివారం పార్కుకి వెళ్లేటప్పుడు ఒక ముప్పై మీటర్ల టేపు పట్టుకెళ్లండి. మీ అమ్మాయిని కూడా తీసుకెళ్లండి.

ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18కి 9, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24కి 15. కబడ్డీ మగవాళ్లకి 13కి 10, ఆడపిల్లలకి 12కి 8. అంటే 30 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు చదునైన నేల దొరికితే ఈ మూడు ఆటలూ వేర్వేరు రంగుల గీతలతో ఒకే చోట పడతాయి. ఖోఖో స్తంభాలు, వాలీబాల్ స్తంభాలు నేలలో పాతేసిన గొట్టాల్లో దించి, ఆట అయ్యాక తీసేసేలా పెట్టించుకోవాలి. ఆ స్థలం మొత్తం 600 చదరపు మీటర్లు. మనవాళ్ల లెక్కలో సుమారు 720 గజాలు, 15 సెంట్లకి కాస్త తక్కువ. మీ పార్కు వెనక మూలలో అంత ఉందో లేదో కొలిచి, చెట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, గళ్ల కాగితం మీద గీయండి. పొడవు వీలైనంత వరకు ఉత్తర దక్షిణాలుగా ఉంచండి. లేకపోతే సాయంత్రం ఎండ ఒక జట్టు కళ్లలోనే పడుతుంది.

తర్వాత ఆ నేల ఎవరిదో తేల్చుకోవాలి. మన ఊళ్లో కొన్ని పార్కులు నగరపాలక సంస్థ జీవీఎంసీవి, కొన్ని నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏవి. పాత వుడా (వీఎంఆర్‌డీఏకి ముందున్న సంస్థ) లేఔట్ అయితే, పార్కుని కార్పొరేషన్‌కి అప్పగించారా లేదా అన్నది కాగితం చూస్తేనే తెలుస్తుంది. నోటిమాటగా చెబితే నమ్మకండి. లేఔట్ ప్లాన్ నకలు, పార్కు అప్పగింత కాగితం కావాలని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ నెల రోజులు వృథా అనిపిస్తుంది గానీ కావు. ఎంపీ నిధులైనా, కంపెనీ డబ్బైనా, కార్పొరేషన్ పద్దైనా ‘స్థలం ఎవరిది?’ అన్న ప్రశ్న దగ్గరే ఫైలు ఆగడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను.

ఒకటి గట్టిగా చెబుతాను. అడిగేటప్పుడు దయచేసి, దయతలచి అని రాయకండి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు నగరపాలక సంస్థలకి అప్పగించదగిన పనుల్లోనే ఉన్నాయి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలుంటే, అందులో పన్నెండోది ఇదే. ఆ ముక్క అర్జీ మొదటి పేరాలోనే పెట్టండి.

ఇక డబ్బు సంగతి. మొదట అడగాల్సింది కార్పొరేషన్ సొంత బడ్జెట్. ఏప్రిల్ 1న మొదలయ్యే సంవత్సరానికి లెక్కలు చలికాలం నుంచే తయారవుతుంటాయి. మీరు మార్చిలో వెళ్తే అప్పటికి విస్తట్లో ఏమీ మిగలదు. కార్తీక మాసంలోపే మీ గీత, కొలతలు పట్టుకుని జోనల్ ఆఫీసులో మీ వార్డు అసిస్టెంట్ ఇంజనీర్ని కలవండి. ‘సార్, ఒకసారి వచ్చి చూసి ఎస్టిమేట్ వేయండి’ అని మాత్రం అడగండి. డబ్బు మాట ఆ రోజు ఎత్తకండి. ఆయన ఆ ఏటి ఎస్.ఎస్.ఆర్. (ప్రభుత్వ పనులకి ఖరారు చేసిన ధరల పట్టిక) రేట్ల ప్రకారం లెక్క కడతారు. ఆ మొత్తం చేతికొచ్చిన రోజు నుంచి మీ అర్జీకి బలం వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఎవర్ని అడిగినా ఒక అంకె చెప్పి అడుగుతారు.

రెండోది ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఎంపీ చేసేది సిఫారసు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. మన లోక్‌సభ సభ్యుడినే కాక రాజ్యసభ సభ్యుల్ని కూడా అడగొచ్చు. వాళ్లు ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా పని సూచించొచ్చు. ఈ సంగతి చాలామంది కాలనీవాళ్లకి తెలియదు. ఖేలో ఇండియా పథకం గురించి కూడా అడుగుతుంటారు. అది సింథటిక్ ట్రాక్, హాకీ టర్ఫ్, ఇండోర్ హాల్ లాంటి పెద్ద పనులకి. పదిహేను సెంట్ల మట్టి కోర్టు కోసం ఆ దారి పట్టి రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

ఎస్టిమేట్‌లో ఏమేం ఉండాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే నేనొక తప్పు చేశాను. సర్వీసు మొదట్లో ఒక చిన్న పట్నంలో పార్కులో వాలీబాల్ కోర్టు వేయించాను. ఎర్రమట్టి పోసి, రోలర్ తిప్పించి, అద్దంలా చదును చేయించాను. మురుగుకాలువ డబ్బు మిగిల్చి ఆ డబ్బుతో గ్యాలరీ మెట్లు కట్టించాను. ఆషాఢంలో మొదటి వానకే కోర్టు చెరువైంది. దసరా దాకా ఎవరూ ఆడలేదు. మళ్లీ బాగుచేయడానికి డబ్బు రాలేదు. సాయంత్రం అటు వెళ్లినప్పుడల్లా పిల్లలు మెట్ల మీద కూర్చుని ఆ నీళ్లని చూస్తుండేవాళ్లు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాబట్టి కోర్టు నడిమధ్యన కాస్త ఎత్తుగా ఉండి రెండు పక్కలకీ పది సెంటీమీటర్లు దిగాలి. కంటికి ఆనదు, కాలికి తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. పక్కన కాలువ ఉండాలి. అది వీధి డ్రైనులోకో దగ్గర్లోని గెడ్డ(వాగు)లోకో కలవాలి. మనది కొండల నుంచి సముద్రం వైపు వాలిన ఊరు. పార్కు పైవీధి నీళ్లు ఎటు నుంచి వస్తాయో ఈ వానాకాలం గమనించి ఫొటో తీసి పెట్టుకోండి. ట్రాక్‌కీ కోర్టుకీ మధ్య చైన్‌లింక్ ఫెన్సింగ్ ఉంటే పెద్దాయనల కళ్లజోళ్లు పగలవు. స్తంభాలు, ఫెన్సింగ్ గొట్టాలు గాల్వనైజ్డ్ పైపులే కావాలని రాయించండి. మామూలు ఇనుముకి రంగువేసి నిలబెడితే మన ఉప్పుగాలి కొద్ది ఏళ్లలోనే మొదలు తినేస్తుంది. లైట్లు రెండో విడతలో అడగండి. పని చిన్నదైతే మంజూరు తేలిక.

చివరగా మీ అమ్మాయి గురించి. మీరు ఉత్తరంలో ఆమె ఆట గురించి రాశారు, అర్జీలో రాయలేదు. రాయండి. కోర్టు వేశాక మగపిల్లలు స్టంపులు పాతేస్తే ఖోఖో పిల్లలు మళ్లీ గేటు బయటే ఉంటారు. వారంలో ఫలానా రోజులు, ఫలానా వేళ ఆడపిల్లలకి అని బోర్డు మీద రాయాలని, దగ్గర్లో శుభ్రమైన టాయిలెట్ ఉండాలని అర్జీలోనే అడగండి. ఆడుకునే ఆడపిల్లల చేత విడిగా ఒక పేజీ రాయించి జతచేయండి. 2023లో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం గెలిచిన జ్యోతి యర్రాజీ మన విశాఖ అమ్మాయే. ఇంట్లో డబ్బున్న పిల్ల కాదు. అలాంటి పిల్లలకి ఊళ్లోని నేలే దిక్కు. రుసుము కట్టి అద్దెకు తీసుకునే టర్ఫ్‌లు ఇప్పుడు వీధికొకటి వస్తున్నాయి. ఆ డబ్బు పెట్టలేని ఇంటి పిల్ల కోసమే మనం ఈ పదిహేను సెంట్లు అడుగుతున్నాం.

ప్రశ్న: మా కాలనీ సంఘం రిజిస్టర్ అయింది. మా దగ్గర్లో పెద్ద కంపెనీలున్నాయి. పిల్లల ఆటస్థలానికి సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే) డబ్బు నేరుగా మా సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కష్టం. కంపెనీల చట్టం, 2013 ప్రకారం కొంత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ముందు చూడాలని కూడా చట్టంలో ఉంది. కాబట్టి గాజువాకవాళ్లు అడగడం న్యాయమే. కానీ బయటి సంఘం ద్వారా ఖర్చుపెట్టాలంటే ఆ సంఘానికి ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం, సీఎస్ఆర్-1 అనే ఫారంతో ప్రభుత్వం దగ్గర నమోదు ఉండాలి. మామూలు కాలనీ సంఘాలకి అవి ఉండవు. కంపెనీయే పని చేయించి కార్పొరేషన్‌కి అప్పగించేలా మాట్లాడండి. ముందు కార్పొరేషన్ నుంచి ‘అభ్యంతరం లేదు’ అన్న లేఖ తీసుకోండి.

ఇంకో మాట. చట్టంలోని జాబితాలో క్రీడల దగ్గర ‘శిక్షణ’ అన్న పదం ఉంది. మీ ఉత్తరంలో గోడ, గేటు, కంచె మాత్రమే రాస్తే కంపెనీవాళ్లు వెనకాడతారు. ఏ ఆట నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, ఏ వేళ, ఎంతమంది పిల్లలు అన్నది ముందు రాసి, దానికి ఈ నేల కావాలని అడగండి.

ప్రశ్న: నాకు డెబ్బై రెండేళ్లు. రోజూ పార్కులో నడుస్తాను. మా పార్కులో కూడా కోర్టు వేస్తారట. ఉన్న కాస్త పచ్చదనం పోతుందని టెన్షన్‌గా ఉంది. పార్కుని పార్కులా ఉంచమని అడగడం తప్పా?
– ఒక పెద్దాయన, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పు కాదు సార్. నేనూ రోజూ నడుస్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊళ్లో చెట్లని ఎలా పడగొట్టిందో మీరూ చూశారు, నేనూ చూశాను. అందుకే చెట్టు కొట్టి కోర్టు వేస్తామంటే నేను మీ పక్షానే సంతకం పెడతాను. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. షెడ్డు, షాపు, క్లబ్బు భవనం అంటే ఆ తీర్పు పట్టుకుని అడ్డుపడండి.

కానీ పైకప్పు లేని మట్టి కోర్టు అలాంటిది కాదు. పిల్లలు పరిగెత్తడం కూడా పార్కు పనే. మీరు నడిచేది ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది మధ్య, పిల్లలు వచ్చేది స్కూల్ వదిలాక. ఫెన్సింగ్, వేళల బోర్డు, కార్క్ బంతి నిషేధం, ఈ మూడూ మీరే షరతులుగా పెట్టండి. వ్యతిరేకిస్తూ విడిగా ఇంకో అర్జీ ఇస్తే రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పడి, ‘స్థానికుల్లో ఏకాభిప్రాయం లేదు’ అని రాసి మూసేస్తారు. అప్పుడు మీ బెంచీలకి రంగు కూడా పడదు. కొలతలు తీసే రోజు మీరు వెళ్లండి. సున్నం గీత మీ ట్రాక్ నుంచి ఎన్ని అడుగుల దూరంలో పడాలో అక్కడే నిలబడి చెప్పండి.